ఏ టీవీలో పెట్టినా ఆడేలా

వీడియోలు ఒక రకం నుంచి మరో రకంలోకి మార్చిపెట్టే చిన్న దుకాణం. కూతురు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళే రోజు దగ్గరపడిందని, ప్రతి గురువారం టీవీలో ఫోన్ చేసినవాళ్ళకి డాక్టరు జవాబులు చెప్పే కార్యక్రమాలు రికార్డు చేసుకున్న డిస్కుని నిన్న ఉదయం అక్కడ ఇచ్చి వెళ్ళిన తల్లి, ఈరోజు షట్టరు ఎత్తకముందే వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"అది కాదు బాబూ, నిన్న ఇచ్చేసి ఇంటికెళ్ళాక ఆలోచించాను. మార్చడం అంటే... మాటలు కూడా మారతాయా?"

"ఏ మాటలమ్మా?"

"డాక్టరు గారి మాటలు. పూటకి ఒక మాత్ర అన్నారనుకో. నీ మిషన్లోంచి బయటికొచ్చేసరికి రెండు అని వినిపిస్తే?"

"వినిపించదమ్మా."

"తినొద్దు అన్నది తినమన్నట్టు..."

"మాటల జోలికి పోమమ్మా. పెట్టె మారుస్తామంతే. రేకు పెట్టెలో బట్టలు తీసి సూట్‌కేసులో సర్దినట్టు. బట్టలు అవే."

"సర్దేటప్పుడు ఒకటో రెండో కింద పడవూ?"

"పడవు."

"అంత ఖాయంగా ఎలా చెప్తున్నావు? అన్నీ చూశావా?"

"నలభై ఒక్క గంటలూ కూర్చుని చూడలేదు. ఒక్కో ఫైలు మొదట్లో కాస్త, మధ్యలో కాస్త, చివర కాస్త చూస్తాం. మీరు ఫోన్ చేసి అడిగిన ముక్కలు మాత్రం పూర్తిగా విన్నాను. మీవి ఉంచి మిగతావి కోయాలంటే వినాలిగా."

"పూర్తిగా విన్నావా?"

"విన్నాను."

"నీకేం కాలేదుగా?"

"నాకేం కావాలి?"

"ఊరికే అడిగాను. కొందరికి వింటే వస్తాయి."

"ఏమొస్తాయి?"

"విన్నవే."

"రాలేదమ్మా. కూర్చోండి. ఇదిగో, మీ పాత ఫైలు ఇది. డాక్టరు గారు చెయ్యి ఊపినప్పుడల్లా వేళ్ళు చూడండి. దువ్వెన పళ్ళలా చీలిపోతున్నాయా?"

"అయ్యో, ఆయనకేమైంది?"

"ఆయనకేం కాలేదు. రికార్డింగు అలా ఉంది. ఇప్పుడు నేను మార్చింది చూడండి."

"వేళ్ళు కుదురుగా ఉన్నాయి."

"అదే చేసింది."

"ఇది మా పిల్ల ఉండబోయే గదిలో ఆడుతుందా? మా పక్కింటావిడ టీవీలో పెట్టి చూస్తే, ఈ ఫైలు ఆడదు అని తెర మీద పెద్దక్షరాలతో వచ్చింది. నాకు గుండె గుభేలుమంది. పిల్ల ఫోన్లోనూ అంతే."

"రికార్డు చేసిన సెట్‌టాప్ పెట్టెలో తప్ప ఆడవమ్మా అవి. ఇప్పుడు ఎంపీఫోర్ అనే రకంలోకి మార్చాను. ఏ టీవీలో పెట్టినా ఆడుతుంది. ఫోన్లోనూ ఆడుతుంది."

"కరెంటు పోతే?"

"కరెంటు పోతే ఏదీ ఆడదు."

"అదే నా భయం."

"ఇది కూడా ఒకసారి చూడండి. బాగుందో లేదో చెప్తే..."

"ఆగు ఆగు. మళ్ళీ వెయ్యి. నేను ఇంకా అడగనేలేదు, ఆయన తలాడించేస్తున్నాడు!"

"ఇందులో శబ్దం ఒకటిన్నర సెకను వెనకపడిందమ్మా. మూడు ఫైళ్ళు అలా ఉన్నాయి. సరిచేసి ఇస్తాను."

"నేను అడగబోయేది ముందే తెలిసిపోయినట్టు ఎలా ఊపుతున్నాడో!"

"ఇరవై ఏడుసార్లు ఫోన్ చేశారు కదమ్మా. తెలిసే ఉంటుంది."

"ఇరవై ఏడు కాదు. నలభై ఒక్క గురువారాలూ చేశాను. ఇరవై ఏడుసార్లే కలిసింది."

"సరే. ఇక పేర్లు పెట్టాలి. మీ పెట్టె అన్నిటికీ అంకెలు ఇచ్చింది. అంకెలుంటే మీ అమ్మాయి వెతుక్కోలేదు. ఏమని రాయమంటారు?"

"జబ్బు పేరు రాయి."

"ఒకటోది?"

"అరికాళ్ళ మంటలు."

"అమ్మాయికి ఉన్నాయా?"

"లేవు. వస్తేనో?"

"అరికాళ్ళ మంటలు, వస్తే."

"వస్తే అని రాయకు బాబూ, పిలిచినట్టుంటుంది. ఉత్త మంటలు అని రాయి. రెండోది నిద్రలో పళ్ళు కొరకడం."

"ఇదైనా ఉందా?"

"ఒకసారి కొరికింది. మూడో తరగతిలో."

"మూడోది?"

"గోళ్ళ మీద తెల్ల మచ్చలు. ఇది ఉంది. రెండు మచ్చలు. డాక్టరు గారు ఏం కాదన్నారు. ఏం కాదని ఆయన అంత మామూలుగా అనేసరికి నాకు ముచ్చెమటలు పట్టాయి."

"ఎందుకు?"

"మామూలుగా అన్నారంటే దాస్తున్నారనేగా!"

"నాలుగు, ఐదు, ఆరు, ఈ మూడూ తలనొప్పే ఉన్నాయమ్మా."

"ఒకటి ఎండకి, ఒకటి చదువుకి, ఒకటి ఊరికే."

"తలనొప్పి, ఊరికే. రాశాను. ఎనిమిది?"

"ఏడు వదిలేశావు."

"ఏడులో మీకు లైను కలవలేదు. గంటంతా వేరేవాళ్ళే."

"అయితే తీసెయ్. ఎనిమిది, లిఫ్టులో ఇరుక్కుంటే ఊపిరి ఆడుతుందా ఆడదా."

"అది జబ్బా అమ్మా?"

"ఇరుక్కున్నాక జబ్బే."

"డాక్టరు గారు ఏం చెప్పారో గుర్తుందా?"

"మెట్లెక్కమన్నారు. ఆ మాట దానికి రోజూ చెప్తున్నాను. నవ్వుతుంది."

"ఇలా అయితే మనకి సాయంత్రం అయిపోతుంది. మిగతావి నేనే విని రాసేశాను. ముఖ్యమైనవి చదువుతాను, తప్పుంటే చెప్పండి. పదకొండు, ఎక్కిళ్ళు ఆగకపోతే. పదిహేను, మొహం కడుక్కునేటప్పుడు చెవిలో నీళ్ళు. ఇరవై మూడు, వేరే ఊరి నీళ్ళు. ఇరవై నాలుగు, వేరే ఊరి నీళ్ళు, రెండో భాగం."

"మొదటిదాన్లో కాచి తాగమన్నారు. ఎంతసేపు కాచాలో చెప్పలేదు. అందుకని మళ్ళీ చేశాను."

"ముప్పై మూడు, దిండు ఎత్తు. ముప్పై ఏడు, కొత్త చెప్పులు కరిస్తే. ముప్పై తొమ్మిది, ఒంటరిగా ఉన్నప్పుడు గొంతులో ఏదైనా అడ్డం పడితే. నలభై ఒకటి..."

"ముప్పై ఎనిమిది వదిలేశావు."

"వదల్లేదు. ఆపాను."

"అందులో నాకు లైను కలవలేదా?"

"కలిసింది."

"కలిసింది, నాకు గుర్తుంది. బస్సు కిటికీ గాలి. రాత్రంతా కిటికీ పక్కన కూర్చుని గాలి తగిలితే మూతి వంకరపోతుందా అని అడిగాను. మూడు వారాల కిందటిది. అది ముఖ్యమైంది బాబూ, పిల్ల వెళ్ళేది బస్సులోనే."

"చేస్తానమ్మా. ముందు ఇవి సరిచూసుకుందాం."

"పాడైందా?"

"పాడవలేదు."

"మరి ఎందుకు ఆపావు? పాడైతే పాడైందని చెప్పు. నా దగ్గర దాచకు. నేను తట్టుకోలేనని దాస్తున్నావా?"

"ఫైలు బాగానే ఉందమ్మా. ఒక మాట అడగాలి, అందుకని ఆపాను. మీరు మిగతా కాలర్లందరినీ కోసెయ్యమన్నారు కదా, ఎందుకు?"

"ఊళ్ళోవాళ్ళ రోగాలన్నీ పిల్ల వెంట ఎందుకు? అది వెళ్ళేది ఉద్యోగానికి."

"మీరు ఎప్పుడూ వినలేదా వాళ్ళవి?"

"ఒకసారి విన్నాను. ఎవరికో మోకాలు పట్టేసిందట. నాలుగు రోజులు నేను మెట్లెక్కలేకపోయాను. అప్పట్నుంచి వినను."

"మీరు లైన్లో ఉన్నప్పుడు టీవీలో వినిపిస్తుంది కదా?"

"వినిపించదు. టీవీ సౌండు తగ్గించి లైన్లో ఉండండి అంటారు వాళ్ళు. నేను తగ్గించడం కాదు, పూర్తిగా తీసేస్తాను. బొమ్మ ఆడుతుంటుంది. ఫోన్లో సంగీతం వస్తుంటుంది. నా వంతు వచ్చేదాకా చెవి అతికించుకుని కూర్చుంటాను. ఒక్కోసారి నలభై నిమిషాలు."

"తర్వాత రికార్డింగు చూసుకునేటప్పుడు?"

"అప్పుడూ అంతే. నోరు మూసేసి ముందుకి తోసుకుంటూ పోతాను. కింద నా పేరు పడ్డాక సౌండు పెడతాను."

"టీవీ నోరు మూసినా పెట్టె చెవులు మూసుకోదమ్మా. అది అన్నీ వింటుంది."

"విననీ. దానికి మోకాళ్ళు లేవుగా."

"ముప్పై ఎనిమిదిలో మీకు ముందు ఒక కాల్ ఉంది."

"కోసెయ్."

"కోసెయ్యొచ్చు."

"మరి కొయ్యి."

"ఒకసారి విని చెప్తే కోస్తాను."

"వద్దు బాబూ. ఏ రోగమో ఏమో. పిల్ల ప్రయాణం పెట్టుకుని ఇప్పుడు నాకు కొత్తది అంటుకుంటే ఎవరు చూస్తారు?"

"రోగం కాదమ్మా."

"రోగం కాకపోతే డాక్టరుకి ఎందుకు చేస్తారు?"

"మీరూ లిఫ్టు గురించి చేశారుగా."

"నువ్వు ఏదో దాస్తున్నావు. నాకు తెలుసు. నేను ఫోన్ పెట్టేశాక ఆయన నా గురించి ఏదో అన్నారు. అంతేనా? గొంతు వింటే చాలు, లోపల ఏముందో కొందరు డాక్టర్లకి తెలిసిపోతుందట. ఈవిడ ఎక్కువ రోజులు ఉండదు అన్నారా? చెప్పు. చెప్పెయ్. కూర్చునే ఉన్నాను."

"అలాంటిదేం అనలేదు."

"నా గొంతు బాగానే ఉందన్నారా?"

"మీ గొంతు గురించి ఎవరూ ఏమీ అనలేదమ్మా. ఆ గురువారం మీ ఇంట్లో ఎవరెవరున్నారు?"

"మా ఇంట్లో ఎవరుంటారు? మేమిద్దరమే. నేను ముందు గదిలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పిల్ల వంటింట్లో గిన్నెలు కడుగుతోంది."

"చాలాసేపు కడిగిందా?"

"నీకెలా తెలుసు? నేను అనుకోనే అనుకున్నాను, రెండు పళ్ళేలకి ఇన్ని నీళ్ళేంటి అని. లేచి వెళ్తే లైను పోతుందని ఊరుకున్నాను. నీకెలా తెలుసు బాబూ?"

"అమ్మాయి ప్రయాణం రేపేనా?"

"రేపు పొద్దున్న. ఇదివరకే రెండుసార్లు వాయిదా పడింది. ఆ ఆఫీసువాళ్ళే వేశారు. ఒకసారేమో సీటు సిద్ధం కాలేదన్నారట, ఒకసారేమో పై అధికారి ఊళ్ళో లేడన్నారట. ఏ ఆఫీసో ఏమో, కుర్చీ కూడా లేనివాళ్ళు జీతం ఏమిస్తారని నా బెంగ."

"మీరు వెళ్ళొద్దన్నారా?"

"నేనా? నేను ఒక్కనాడు అనలేదు. దాన్నే అడుగు. వద్దు అన్న మాట నా నోట్లోంచి రాలేదు."

"వెళ్ళమన్నారా?"

"వద్దనలేదు అంటున్నాగా."

"అది విన్నాను. వెళ్ళమన్నారా?"

"జాగ్రత్త అన్నాను. రోజూ అంటాను. పేపర్లో వచ్చినవన్నీ చదివి వినిపిస్తాను, తెలిసుండాలిగా. అక్కడ ఎవరో అమ్మాయి బాత్రూంలో జారిపడిందట, అది చెప్పాను. గ్యాసు సంగతి చెప్పాను. కుక్కల సంగతి చెప్పాను. ఇన్ని చెప్పి పంపిస్తున్నాను, ఈ వీడియోలన్నీ మార్పించి చేతిలో పెడుతున్నాను, వెళ్ళమన్నట్టు కాదా?"

"నాకు తెలీదమ్మా. నేను వీడియోలు మార్చేవాణ్ణి."

"మరి ఇన్ని ఎందుకు అడుగుతున్నావు?"

"ఒక్క నిమిషం వినండి. మొదట వచ్చేది యాంకరమ్మ గొంతు. భయమేస్తే చెయ్యి ఎత్తండి, ఆపేస్తాను."

"చెయ్యి ఎత్తే ఉన్నాను."

"దించండి. పెడుతున్నాను."

"తర్వాతి కాలర్ లైన్లో ఉన్నారు. హలో, చెప్పండమ్మా. మీ పేరు?"

"పేరు వద్దండి."

"పర్వాలేదు. కొంచెం గట్టిగా మాట్లాడతారా? నీళ్ళ చప్పుడు వస్తోంది."

"గట్టిగా మాట్లాడలేనండి. కుళాయి కట్టేస్తే ముందు గదిలోకి వినిపిస్తుంది..."

"ఆపు బాబూ."

"ఆపాను."

"అది మా కుళాయి."

"అవునా."

"సగం తిప్పితే అలా ఈల వేస్తుంది. ఇంకే కుళాయీ అలా వెయ్యదు. తడి చేతుల్తో ఫోన్ పట్టుకుందా ఇది? షాకు కొడితే?"

"మూడు వారాలైందమ్మా. కొట్టలేదు."

"అదీ నిజమే. వెయ్యి."

"డాక్టరు గారూ, మా అమ్మ కూడా ఇప్పుడు మీ లైన్లోనే ఉంది. నా తర్వాత ఆవిడది తీసుకుంటారా? కలవకపోతే ఆ రోజంతా అన్నం ముట్టదు."

"మీ అమ్మగారికేనా సమస్య?"

"ఆవిడకేం లేదండి. భయం. అంతా నా గురించే. నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. రెండుసార్లు తేదీ మార్పించుకున్నాను. అమ్మకి మాత్రం ఆఫీసువాళ్ళే వాయిదా వేశారని చెప్పాను."

"ఎందుకమ్మా మార్పించుకున్నారు?"

"నేను వెళ్ళిపోతే ఆవిడ భయపడ్డానికి ఎదురుగా ఎవరూ ఉండరు కదండీ. అంత భయం ఒక్కతే ఎక్కడ పెట్టుకుంటుంది?"

"మీకు నిద్ర పడుతోందా?"

"లేదండి. కళ్ళు మూస్తే గుండె దడదడమంటుంది. నేను బస్సులో ఉన్నట్టు, ఇంట్లో అమ్మ పడిపోయినట్టు... ఆవిడకి ఏదైనా మాత్ర ఉంటే చెప్పండి. లేకపోతే నాకు చెప్పండి. ఎవరో ఒకరం వేసుకుంటాం."

"దీనికి మాత్ర లేదమ్మా. మీ అమ్మగారు వెళ్ళమంటే వెళ్తారా?"

"అనదండి."

"అంటే?"

"అంటే వెళ్ళిపోతానండి. కానీ అనదు. వద్దనీ అనదు. జాగ్రత్త అంటుంది."

"అమ్మా... ఆపేశాను. ఆ తర్వాత మీ కాలే."

"ఊఁ."

"మంచినీళ్ళు ఇమ్మంటారా?"

"వద్దు. సీటు సిద్ధం కాలేదందే."

"అవునమ్మా."

"పై అధికారి ఊళ్ళో లేడందే. ఆయన ఆరోగ్యం బాగుండాలని కూడా అనుకున్నాను నేను. ఆ తర్వాత నేను ఏమడిగాను బాబూ?"

"కిటికీ గాలికి మూతి వంకరపోతుందా అని."

"డాక్టరు గారు ఏమన్నారు?"

"మీకు నిద్ర పడుతోందా అని అడిగారు."

"అవును, అడిగారు. ఈయన నన్నెందుకు అడుగుతున్నాడు అనుకున్నాను. నేనేమన్నాను?"

"నా సంగతి వదిలేయండి, కిటికీ సంగతి చెప్పండి అన్నారు. మరి అమ్మాయి ముక్క ఉంచాలా, కోయాలా?"

"కొయ్యి. పిల్ల దాన్లో వద్దు. నేను విన్నానని తెలిస్తే కంగారు పడుతుంది."

"మీకు విడిగా ఒకటి చేసి ఇవ్వనా?"

"ఏ టీవీలోనైనా ఆడుతుందా?"

"ఆడుతుంది."

"అయితే చెయ్యి. బాబూ, నీ ఫోన్ ఒకసారి కలిపిపెడతావా? నాది ఇంట్లో పెట్టి వచ్చాను. దార్లో లాక్కుంటారని."

"నంబరు చెప్పండి... రింగవుతోంది. స్పీకర్లో పెట్టాను, ఇక్కడ మాట్లాడండి."

"హలో? ఎవరు?"

"నేనే, పండూ."

"అమ్మా! ఇదెవరి నంబరు? ఎక్కడున్నావు? పడ్డావా?"

"పడలేదు. వీడియో కొట్లో ఉన్నాను. ఒక మాట చెబుదామని చేశాను."

"చెప్పు. ఏమైంది? గుండెల్లో నొప్పిగా ఉందా? ఎడమ వైపా?"

"ఏ వైపూ లేదు. నువ్వు వెళ్ళు."

"ఎక్కడికి? ఏ ఆసుపత్రికి?"

"ఉద్యోగానికే. రేపు పొద్దున్న బస్సుకి. వెళ్ళు. వినిపించిందా?"

"జాగ్రత్తగా వెళ్ళు అంటున్నావా?"

"వెళ్ళు అంటున్నాను."

"అమ్మా, నీకు కళ్ళు తిరుగుతున్నాయా?"

"తిరగడం లేదు. కిటికీ పక్క సీటే తీసుకో. గాలి వస్తుంది."

"గాలి వస్తుందా? అమ్మా... నువ్వేనా మాట్లాడేది? పక్కనెవరున్నారు?"

"వీడియో ఆయన."

"ఆయనేనా నిన్ను ఇలా అనమంది?"

"నేను ఏమీ అనమనలేదమ్మా. నేను వీడియోలు..."

"మీరు మాట్లాడకండి! అమ్మా, నాతో మాట్లాడు. నిజం చెప్పు. నేను ఇప్పుడే ఆఫీసువాళ్ళకి ఫోన్ చేసి ఇంకో పది రోజులు అడుగుదామని కూర్చున్నాను. నంబరు కూడా తీసి పెట్టుకున్నాను. నీకు ఒంట్లో ఏదో అయింది, నా దగ్గర దాస్తున్నావు. అంతేనా?"

"ఏమీ కాలేదు. ఆ ఫోన్ చెయ్యకు. పెట్టె సర్దుకో."

"అంత మామూలుగా అంటున్నావంటే దాస్తున్నావనే. సరే, విను. నోటితో చెప్పలేకపోతున్నావేమో. ఏదైనా అయ్యుంటే ఊరికే ఒక్కసారి దగ్గు. నాకు అర్థమవుతుంది. నేను ఎక్కడికీ వెళ్ళను, అక్కడికే వచ్చేస్తాను. ఒక్కసారి దగ్గితే చాలు."

"..."

"అమ్మా? ఉన్నావా?"

"ఉన్నాను."

"దగ్గు వస్తోందా?"

"రావడం లేదు."

"నిజంగా?"

"నిజంగా. నువ్వు వెళ్ళు, పండూ."

"...వెళ్ళమంటావా?"

"వెళ్ళు."

"సరే. అయితే... సరే అమ్మా. బట్టలు తీస్తాను. నువ్వు వచ్చేటప్పుడు రోడ్డు చూసి దాటు."

"దాటతాను. ఇక పెట్టెయ్."

"పెట్టేసిందమ్మా."

"నువ్వూ పెట్టేశావా?"

"పెట్టేశాను."

"ఎర్రది నొక్కావా?"

"నొక్కాను."

"ఇక దానికి వినపడదుగా?"

"వినపడదమ్మా. ఎందుకు?"

"ఖళ్... ఖళ్ళు... ఖళ్ళు ఖళ్ళు... మంచినీళ్ళు, బాబూ. ఇందాకట్నుంచీ ఆపుకుంటున్నాను."